వరద రాకముందే మందుల సంచి

2024 సెప్టెంబరు తొలివారంలో బుడమేరు పొంగి, సింగ్ నగర్ నుంచి మా భవానీపురం దాకా ఎన్నో ఇళ్ళను ముంచింది. కొన్ని వీధుల్లో రోజుల తరబడి నీరు తీయలేదు. ఇటువంటప్పుడు బియ్యం, బట్టలు మేడ ఎక్కుతాయి. మందులు మాత్రం కింది అలమరలోనే ఉండిపోతాయి. మధుమేహం, రక్తపోటు, మూర్ఛ ఉన్నవారు మందు హఠాత్తుగా మానితే ప్రాణాపాయం.

కనుక తొలకరికే సంచి సిద్ధం చేసుకోండి. రెండు వారాల మందులు, డాక్టరు చీటీ, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, క్లోరిన్ బిళ్ళలు నీరు చొరకుండా ప్లాస్టిక్ కవరులో కట్టి అటక మీద ఉంచండి. మందుల గడువు తేదీ అప్పుడప్పుడూ చూస్తుండండి. కరెంటు పోతే ఇన్సులిన్ సీసాను కవరులో చుట్టి, తడిగుడ్డ కప్పిన మట్టికుండలో నీడన పెట్టండి. నెలలు నిండిన గర్భిణిని హెచ్చరిక రాగానే ఆసుపత్రి దగ్గరకు చేర్చండి.

కాళ్ళకు పుండ్లున్నవారు వరద నీటిలో దిగరాదు. ఎలుకల మూత్రం కలిసిన నీటివల్ల లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం వస్తుంది. వరద తరువాత నెలలోపు జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళెర్రబడడం కనిపిస్తే అశ్రద్ధ చేయకండి. ఆ నీటిలో నడిచిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వడం ఎటువంటిదో, నీరు గడప దాటాక మందులు వెతకడమూ అటువంటిదే.