మెడ శస్త్రచికిత్స – కంఠధ్వని

ద్వారకానగర్‌లో నివసించు మా మిత్రులొకరు ఉపాధ్యాయులు. మెడ వెన్నుపూసల నడుమ డిస్కు జారి, చేతులు తిమ్మిరెక్కుచుండగా శస్త్రచికిత్స చేయించుకొన్నారు. తిమ్మిరి తగ్గినది, కాని గొంతు బొంగురుపోయినది. "మెడ ఎముకకు వైద్యము చేసిన, గొంతుకేమైనది?" అని ఇంటివారు మమ్ము ప్రశ్నించినారు. భాష బోధించు మాకు సమాధానము తోచలేదు. పిమ్మట పౌర గ్రంథాలయములో చదివియు, వైద్యుల నడిగియు తెలుసుకొన్న దానిని ఇచట విన్నవించుచున్నాము.

మెదడు నుండి 12 జతల కపాల నాడులు వెలువడును. పదవ నాడి పేరు వేగస్. స్వరపేటికను కదిలించు దాని ముఖ్య శాఖ తిన్నగా గొంతుకు పోదు. ఎడమవైపు నాడి రొమ్ములోనికి దిగి బృహద్ధమనిని చుట్టి, కుడివైపుది చేతికి పోవు పెద్ద ధమనిని చుట్టి, గిలక మీది చేదతాడు వలె వెనుదిరిగి పైకి వచ్చును. యునానీ హకీములు జాలీనూస్ అని పిలుచు గేలెన్, క్రీ.శ. 2వ శతాబ్దములోనే, ఈ నాడి తెగిన జంతువు అరవజాలదని రోము నగరములో ప్రదర్శించి చూపినాడు.

డిస్కు వెన్నుపాముకు ముందువైపున ఉండును. కనుక వెన్నుపామును కదపకుండ మెడ ముందునుండి దానిని చేరు పద్ధతి 1950ల నుండి వ్యాప్తికి వచ్చినది. అందుకై శ్వాసనాళమును, అన్నవాహికను పక్కకు లాగి పట్టుదురు. నాడి తెగుట అరుదు. సాగుటయో, నలుగుటయో జరుగును. అప్పుడు స్వరము బొంగురుపోవును, నీరు త్రాగిన పొలమారును. పై వెన్నుపూసల వద్ద మరియొక శాఖ దెబ్బతిన్న, హెచ్చు స్థాయి పలుకదు. అజాన్ పిలుచు ముఅజ్జిన్‌కు ఇది చిన్న నష్టము కాదు. అచటనే పండ్రెండవ నాడి నలిగిన, నాలుక ఒక వైపునకు ఒరుగును.

అయినను నిరాశ వలదు. పెక్కుమందికి కొన్ని వారములలో, లేదా నెలలలో స్వరము తిరిగి వచ్చును. రానివారికి స్వర వ్యాయామములు, స్వరతంత్రిని మధ్యకు జరుపు చికిత్సలు కలవు. పొలమారుట కనిపించిన వెంటనే వైద్యునికి తెలుపవలెను.

అన్నింటికంటె ముఖ్యమైనది ముందు జాగ్రత్త. లోగడ థైరాయిడ్‌కో, మెడకో శస్త్రచికిత్స జరిగినవారు, గొంతు బొంగురు ఉన్నవారు ఆ సంగతి దాచరాదు. స్వరతంత్రులను ముందుగా పరీక్ష చేయించుకొనవలెను. ఒక తంత్రి ఇదివరకే చచ్చుబడి ఉండగా రెండవది కూడ దెబ్బతిన్నచో శ్వాసకే ముప్పు. అట్టివారికి సాధారణముగా చెడిన వైపునుండియే శస్త్రచికిత్స చేయుదురు.

గొంతు పోవునను భయముతో అవసరమైన చికిత్సను వాయిదా వేయుటయు తగదు. వెన్నుపాము నలిగిన, కాలుసేతుల బలము శాశ్వతముగా పోవచ్చును. మా మిత్రులు నాలుగు నెలలకు తిరిగి పాఠము చెప్పినారు. ఈ సంగతి ముందే తెలిసియుండిన, ఆ నాలుగు నెలలు వారి ఇంట అంత దిగులు ఉండెడిది కాదు.