చంటిబిడ్డ వచ్చిన యింట ఎడపిల్ల



ఇంట బిడ్డ పుట్టినప్పుడు అందఱి చూపులును ఉయ్యాలమీదనే నిలుచును. బాలింతకు పథ్యమేమి, బిడ్డకు నీళ్లు పోయువారెవరు, బారసాల యెన్నడు, పెట్టవలసిన పేరేమి అను మాటలతోనే దినములు గడచును. అది సహజమే. అయితే ఆ యింటనే మూడేండ్లదో నాలుగేండ్లదో మఱియొక బిడ్డ యుండును. నిన్నటివఱకు తల్లి ప్రక్కను పండుకొనినది ఆ బిడ్డయే. తండ్రి పొలమునుండి రాగానే పరుగెత్తి మెడను కౌగిలించుకొనినది ఆ బిడ్డయే. నేడు పురిటిగది వాకిట నిలిచి, లోనికి పోవచ్చునో పోరాదో తెలియక, ద్వారబంధమును పట్టుకొని చూచుచుండును. ఈ బిడ్డను మనవారు ఎడపిల్ల యందురు. ఎడ యనగా నడిమి చోటు. చంకలోని చంటిబిడ్డకును, తన పని తాను చేసికొనగల పెద్దపిల్లలకును నడుమ నున్నది కావున ఆ పేరు చక్కగా నమరియున్నది.

నేటి ప్రసంగము ఆ యెడపిల్లను గూర్చినది. చంటిబిడ్డను కనిపెట్టుకొని యుండుటకు తల్లి గలదు. ఎడపిల్ల స్థానము చెడకుండ కాపాడవలసిన భారము ముఖ్యముగా ఇంటి పెద్దలది. ఆ స్థానము మూడు చోట్ల నున్నది: ఒడిలో, పక్కలో, కంచములో. ఈ మూడింటిలో దేనిని కోల్పోయినను బిడ్డ తల్లడిల్లును. మూడింటిని ఒక్కమాఱే కోల్పోయినచో కృశించును.

ఈ దుఃఖము క్రొత్తది కాదు. భాగవతము చతుర్థస్కంధములోని ధ్రువుని కథ మీరెఱుగనిది కాదు. ఉత్తానపాదుని తొడపై ఉత్తముడు కూర్చుండియుండగా, ఐదేండ్ల ధ్రువుడు తానును ఎక్కబోయెను. సవతితల్లి సురుచి కఠినముగా వారించెను. తండ్రి మిన్నకుండెను. ఆ కథ భక్తి మహిమను బోధించునదే యైనను, గృహస్థుడు దానినుండి మఱియొక నీతిని గూడ గ్రహింపవచ్చును. ఆ బాలుని హృదయము మొదట గాయపడినది రాజ్యము కొఱకు కాదు, తండ్రి తొడపై చోటు కొఱకు. మన యిండ్లలో సురుచి లేకపోవచ్చును గాని ఉత్తానపాదుని మౌనము మాత్రము తఱచుగా కానవచ్చును.

ఈ బాధ మనస్సుతో ఆగదు, దేహమును గూడ తాకును. ఆఫ్రికా పశ్చిమతీరమున నాడు గోల్డ్‌కోస్టు అనియు, 1957 నుండి ఘనా అనియు పిలువబడు దేశమున సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు పని చేసెను. అచ్చట ఒకటి మొదలు నాలుగేండ్ల వయస్సు పిల్లలు పలువురు కాళ్లుచేతులు ఉబ్బి, వెండ్రుకలు ఎఱ్ఱబాఱి, చర్మము పొరలుగా లేచి, తిండి సహింపక మరణించుటను ఆమె చూచెను. 1933లో ఆ వ్యాధి లక్షణములను వర్ణించి ప్రకటించెను. అచ్చటి గా భాష మాటాడు స్త్రీలు దానిని క్వాషియార్కర్ అనుచుండిరి. 1935లో ఆమె ఆ పేరునే వైద్యలోకమునకు తెలియజేసెను. దాని కర్థమేమని యామె వ్రాసినదో వినుడు: తరువాతి బిడ్డ పుట్టగా స్థానము కోల్పోయిన బిడ్డకు వచ్చు జబ్బు. అనగా అది ఎడపిల్ల జబ్బు. సముద్రముల కావలి తల్లులు సూక్ష్మముగా కనిపెట్టి పేరు పెట్టిరి. వైద్యులు పిమ్మట దానిని నేర్చుకొనిరి.

ఆ జబ్బు ఎట్లు వచ్చుచుండెను? తల్లి మరల గర్భవతి కాగానే పెద్దబిడ్డకు చనుబాలు మానిపింతురు. వానికి బదులుగా మొక్కజొన్న గంజి తప్ప మఱేమియు దొరకదు. మన దేశమునను ఈ వ్యాధి విస్తారముగా నుండెడిది. కూనూరులో 1918లో చిన్న పరిశోధనశాలగా ఆరంభమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందిన సంస్థ దీనిని గూర్చి చిరకాలము పరిశోధించినది. ఆ సంస్థకు అధ్యక్షులుగా నుండిన డాక్టరు సి. గోపాలన్‌గారు, మాంసకృత్తుల లోపమొక్కటే దీనికి కారణమను నాటి మతమును ప్రశ్నించి, అట్టి పిల్లలకు మొత్తముమీద ఆహారమే చాలుట లేదని ఎత్తి చూపిరి. అంటురోగములు మొదలగు ఇతర కారణములు గూడ తోడగునని నేటి వైద్యులు చెప్పుదురు. మన కిందు తెలియవలసిన దేమనగా, ఎడపిల్ల చిక్కిపోవుటకు పక్షిదోషమో దృష్టిదోషమో కారణమని తాయెత్తు కట్టించి ఊరకుండరాదు. మొదట కంచము చూడవలయును.

కావున కంచము సంగతి ముందు చెప్పెదను. మూడు నాలుగేండ్ల బిడ్డ కడుపు చిన్నది. పెద్దలవలె రెండు పూటల తిండితో సరిపెట్టుకొనలేదు. దినమునకు నాలుగైదు సారులు కొంచెము కొంచెముగా పెట్టవలయును. అన్నములో చారునీళ్లు మాత్రము కాక, ముద్దపప్పు, నెయ్యియో నూనెయో, ఆకుకూర, పెరుగు, అలవాటున్నవారు గ్రుడ్డు, చేప కలిపి పెట్టవలయును. వేరుసెనగపప్పును పలుకులుగా గాక పొడిచేసి బెల్లముతో నీయవచ్చును. పలుకులు గొంతున అడ్డుపడును. అన్నిటికంటె ముఖ్యమైనది, బిడ్డకు వేఱుగా ఒక కంచముండవలయును, దానిప్రక్కను ఒక పెద్ద కూర్చుండవలయును. ఉమ్మడి కంచములో ఎడపిల్ల తిన్నదెంతో ఎవరికిని తెలియదు. తల్లి పురిటిలో నుండగా బిడ్డ తిన్నదా యని యడుగువారు లేక, అందఱును పెట్టియుందురని యెవరికి వారు తలచు నిండ్లు కలవు.

చనుబాల విషయమొకటి. తల్లి మరల గర్భవతి యైనంతమాత్రమున ఆమె పాలు పైబిడ్డకు విషమగునను నమ్మకము సరి కాదు. తల్లి ఆరోగ్యముగా నుండి, పుష్టిగా భుజించుచు, మునుపు నెలలు నిండని కాన్పు వంటి చిక్కులు లేనిచో, పాలు తటాలున మానిపింప నక్కఱలేదు. సందేహమున్నచో వైద్యుల నడుగవలయును. మానిపింపవలసి వచ్చినను మెల్లమెల్లగా మానిపింపవలయును. రొమ్మునకు వేపాకు రసము పూసి ఒక్కదినములో మానిపించుట బిడ్డకు తల్లియే చేదైనట్లు తోపించును. కాన్పు పిమ్మట ముఱ్ఱుపాలు మాత్రము ముందుగా చంటిబిడ్డకే దక్కవలయును. ఆఱు మాసములు నిండువఱకు ఆ బిడ్డకు తల్లిపాలు తప్ప నీరును గూడ ఈయ నక్కఱలేదు.

ఇక పక్క. పురిటినాటి రాత్రియే ఎడపిల్లను తల్లి పక్కనుండి తీసి వేఱొకచోట పండుకొనబెట్టుదురు. బిడ్డకు తోచున దొక్కటే: ఆ క్రొత్తది వచ్చి నన్ను వెడలగొట్టినది. ఈ మార్పు తప్పనిసరి యైనచో, కాన్పునకు రెండు మూడు మాసములు ముందే చేయవలయును. అమ్మమ్మ ప్రక్కనో నాయనమ్మ ప్రక్కనో కథ వినుచు నిద్రించుట అలవాటైనచో, అది వెడలగొట్టుట కాక క్రొత్తచోటు సంపాదించుట యగును. తల్లి కాన్పునకు పుట్టినింటికి పోవునప్పుడు ఎడపిల్లను విడిచి పోవలసివచ్చినచో చెప్పకుండ పోరాదు. బిడ్డ నిద్రించుచుండగా బండి యెక్కుట పెద్దలకు సులభము. మేలుకొని తల్లిని వెదకు బిడ్డకు అది మఱపురాని భయము. ఏడ్చినను సరియే, చెప్పి పోవలయును, తిరిగి యెప్పుడు వచ్చునో బిడ్డకు తెలియునట్లు ఒక పండుగ పేరో పంటకోత పేరో చెప్పవలయును.

ఇక ఒడి. చంటిబిడ్డ వచ్చిన పిమ్మట ఎడపిల్ల వింతగా ప్రవర్తించును. మానిన అలవాటు మరల వచ్చి పక్క తడుపును. వ్రేలు చీకును. నడువగలిగియు ఎత్తుకొమ్మనును. తినగలిగియు తినిపింపుమనును. తల్లి పాలిచ్చుటకు కూర్చుండగానే నీళ్లబిందె దొర్లించును. దీనిని దుష్టత్వమని కొట్టుదురు. అది దుష్టత్వము కాదు, ఒక ప్రశ్న. నేనింకను మీ బిడ్డనేనా యని యడుగుటకు మాటలు చాలక ఆ బిడ్డ చేతలతో నడుగుచున్నది. కొట్టినచో కాదను ప్రత్యుత్తరము వచ్చినట్లగును. తడిసిన పక్క మార్చి, కోరినప్పుడు రెండు ముద్దలు తినిపించి, కాసేపు ఎత్తుకొనినచో సాధారణముగా కొన్ని వారములలో ఈ చేష్టలు తగ్గును.

ఇంగ్లండులోని కేంబ్రిడ్జి నగరమున జూడీ డన్, కేరల్ కెండ్రిక్ అను నిద్దఱు విదుషీమణులు 40 కుటుంబములను రెండవ కాన్పునకు ముందునుండియే పరిశీలించి, 1982లో ఒక గ్రంథమును ప్రకటించిరి. రెండవ బిడ్డ రాగానే తల్లి మొదటి బిడ్డతో ఆడుకొను కాలము తగ్గుననియు, మందలింపులు పెరుగుననియు, తల్లి చంటిబిడ్డ పనిలో నున్నప్పుడే అల్లరి హెచ్చుననియు వారు చూచిరి. అయితే అల్లరి చేసిన బిడ్డయే మఱునిమిషమున చెల్లెలిని ముద్దాడుటయు కలదు. వారు కనుగొన్నదానిలో మన కుపయోగించు మాట యొకటి యున్నది. ఏ యిండ్లలో తల్లి మొదటినుండియు చంటిబిడ్డను గూర్చి ఒక మనిషిని గూర్చి చెప్పినట్లు పెద్దబిడ్డతో ముచ్చటించినదో, ఆ యిండ్లలో పిల్లల నడుమ స్నేహము హెచ్చుగా నుండెను. తమ్ము డెందు కేడ్చుచున్నాడో చూడుము, ఆకలియా, చలియా, నిన్ను పిలుచుచున్నాడా యని యడుగుటకు చదువు అక్కఱలేదు, ధనము అక్కఱలేదు. ఈ మాట తల్లి యనవచ్చును, తాత యనవచ్చును.

ఇందులకు విరుద్ధముగా మన మాటలు కొన్ని కలవు. నిన్ను తవుడు పోసి కొన్నామనియు, అమ్మ యిక తమ్మునిదే, నీది కాదనియు, తమ్ముని సంతకు తీసికొనిపోయి అమ్మివేయుదుమా యనియు పరిహాసమాడుదురు. వినువారు నవ్వుదురు. బిడ్డకు పరిహాసము తెలియదు, విన్నది నమ్మును. ఆడపిల్ల తరువాత మగబిడ్డ పుట్టిన యింట ఇది మఱింత క్రూరమగును. ఇన్నాళ్లకు వంశాంకురము కలిగినదని చుట్టములు ఆ బాలిక యెదుటనే యందురు. తాను పుట్టినది లెక్కకు రాలేదని మూడేండ్ల పిల్లకు తెలియజేయుట కంతకంటె మార్గము లేదు. అట్టి మాట వినబడినపుడు ఇంటి పెద్ద మౌనము వహింపరాదు. ఈ యింటి తొలి బిడ్డ ఇది యని, ఆ బాలికను దగ్గఱకు తీసికొని, అందఱును వినునట్లు చెప్పవలయును.

బారసాలనాడు పెద్దలు చేయదగిన పనులు కొన్ని కలవు. ఎడపిల్లకును క్రొత్తబట్ట కట్టింపుడు. తండ్రి పళ్లెములోని బియ్యముపై పేరు వ్రాయునప్పుడు ఆ చిన్నచేతిని గూడ తన చేతితో కలుపుకొని వ్రాయవచ్చును. చంటిబిడ్డను చూడవచ్చిన చుట్టము ముందుగా ఎడపిల్లను పలుకరించి, తమ్ముని చూపింపుమని యడిగినచో, ఆ బిడ్డయే చేయి పట్టుకొని ఉయ్యాలయొద్దకు తీసికొనిపోవును. పొత్తిగుడ్డ తెచ్చుట, ఉయ్యాల తాడు మెల్లగా నూచుట వంటి పనులు చెప్పవచ్చును. అయితే పనివానిగా చేయరాదు. చేతులు కడిగించిన పిమ్మటనే చంటిబిడ్డను ముట్టనీయవలయును. జలుబో దగ్గో యున్నచో దూరముగా నుంచవలయును. వారిద్దఱిని మాత్రము ఒంటరిగా విడువరాదు. ప్రేమతోనే జంతికముక్కను పసిబిడ్డ నోటబెట్టు ప్రమాదమున్నది.

బిడ్డకు బిడ్డకు నడుమ ఎడముండుట అన్నిటికంటె మేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో సమావేశపఱచిన నిపుణులు, ఒక కాన్పు తరువాత మరల గర్భము ధరించుటకు కనీసము 24 మాసములైనను ఆగవలయునని చెప్పిరి. అనగా ఇద్దఱి నడుమ సుమారు మూడేండ్లు. తల్లి దేహము కోలుకొనును. ఎడపిల్లకు మాటలు వచ్చును, చెప్పిన దర్థమగును.

అంగన్‌వాడీని గూడ మఱువకుడు. 1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో ఆరంభమైన ఆ పథకము నేడు మన పల్లెలన్నిటను నున్నది. ఆఱేండ్లలోపు పిల్లల బరువు తూచుట, పౌష్టికాహార మొసగుట, మూడేండ్లు నిండినవారికి ఆటపాటలు నేర్పుట దాని పనులు. చంటిబిడ్డను తూపించుటకు పోయినప్పుడు ఎడపిల్లను గూడ తూపింపుడు. రెండు పాదములును ఉబ్బి, బొటనవ్రేలితో కొన్ని క్షణములు నొక్కి తీసినచో గుంట నిలిచినయెడల, ఆలసింపక ఆసుపత్రికి తీసికొనిపోవలయును.

పెద్దలారా! పొలముపనులు తగ్గిన వయస్సున మనకు కాలము మిగిలియున్నది. తల్లికి లేనిది కాలమే. ప్రతిదినము ఒక గడియసేపు ఎడపిల్లను చెఱువుగట్టుదాక నడిపించుకొనిపోయి, కొంగలను చూపి, అడిగిన ప్రశ్నలకు బదులు చెప్పి, తిరిగివచ్చి కంచము ముందు కూర్చుండబెట్టి అన్నము కలిపి పెట్టుడు. ఇంతకు మించిన ఔషధము లేదు. బాల్యమున లక్ష్మణుడు లేనిదే రాముడు నిద్రింపకుండెననియు, భుజింపకుండెననియు వాల్మీకి చెప్పెను. అట్టి సోదరప్రేమకు విత్తనము, చంటిబిడ్డ వచ్చిన దినమున ఎడపిల్లకు మన మొసగిన చోటులోనే యున్నది.