నేరేడ్‌మెట్ల దాక్కున్న పెద్ద పదాలు

మొన్న నేరేడ్‌మెట్ చౌరస్తాల చాయ్ తాగుతుంటే ఒక తమ్ముడు ఫోన్ తెచ్చి నా ముంగట పెట్టిండు. రాత్రి అపార్ట్‌మెంట్ల వాచ్‌మెన్ కొలువు, పగటీలి చదువు. జీడీ కానిస్టేబుల్ పరీక్షకు తయారైతున్నడు. "అన్నా, గీ ప్రశ్న ఎట్ల చెయ్యాలె? నాకు ఇంగ్లీషు రాదు గదా" అన్నడు.

ప్రశ్న గింతే: 'డిపార్ట్‌మెంట్' అనే ఇంగ్లీషు పదంల ఉన్న అక్షరాలతోని ఏ పదం తయారు కాదు? పేరెంట్, టెండర్, మీటర్, పేపర్.

"తమ్మీ, గిది ఇంగ్లీషు ప్రశ్న కాదు, లెక్క ప్రశ్న" అన్న. నమ్మలే. డిపార్ట్‌మెంట్ల 'పి' ఎన్నిసార్లు ఉన్నదో లెక్కపెట్టుమన్న. ఒక్కసారే. పేపర్‌కు 'పి'లు రెండు కావాలె. గంతే, ఒడిసింది. ఏ పదానికీ అర్థం తెల్వాల్సిన పని లేదు.

మరి మనోళ్లు ఎందుకు తప్పుతున్నరు? తెలివి లేక కాదు. మనం తెలుగోళ్లం పదాన్ని చెవితోని లెక్కపెడ్తం. మన దగ్గర ఎట్ల పలికితే అట్ల రాస్తం. ఇంగ్లీషుల అట్ల కాదు. 'ఎడ్యుకేషన్' అంటే మనకు నాలుగైదు అక్షరాలే వినవడ్తయి. రాస్తే తొమ్మిది. చివర్ల మనం 'షన్' అని ఊకున్నదానికి వాళ్లు టి, ఐ, ఓ, ఎన్ అని నాలుగు రాస్తరు. ఏ, ఈ, ఐ, ఓ, యు అనే అచ్చులు ఐదుకైదు ఆ ఒక్క పదంలనే ఉన్నయి. చెవితోని వింటే ఇది దొరకదు. కాయితం మీద రాసి లెక్కపెడితేనే దొరుకుతది.

ఇగ దీన్నే తిప్పి అడిగితే కొంచెం కష్టం. కొన్ని అక్షరాలిచ్చి, అవన్నీ ఉన్న పెద్ద పదం చెప్పుమంటరు. ఆ తమ్మునికి మేం కూసున్న జాగ పేరే ఇచ్చిన. నేరేడ్‌మెట్. ఇంగ్లీషుల ఎన్, ఈ, ఆర్, ఈ, డి, ఎమ్, ఈ, టి. మొత్తం ఎనిమిది.

మొదటి పని పద్దు రాసుడు. 'ఈ' మూడు, ఎన్, ఆర్, డి, ఎమ్, టి ఒక్కొక్కటి. మన తెలుగుల నే, రే దీర్ఘాలు, మె హ్రస్వం. ఇంగ్లీషుల మూడింటికీ ఒక్కటే 'ఈ'. తప్పు ఇక్కడ్నే జరుగుతది. ఆ తమ్ముడు టక్కున 'డిపార్ట్‌మెంట్' అన్నడు. ఎన్, ఆర్, డి, ఎమ్, టి అన్నీ ఉన్నయి, కానీ 'ఈ'లు రెండే. నడ్వది. 'ఇంక్రిమెంట్' అన్నడు. దాంట్ల 'డి'నే లేదు.

రెండో పని తోకలు, తలలు చూసుడు. ఇంగ్లీషు పెద్ద పదాలు చానా మట్టుకు ముక్కలు అతికించి చేసినవే. మనం కూడ 'తనం' అతికిస్తం గదా, మంచితనం, పెద్దతనం అని. అట్లనే వాళ్లకు 'మెంట్' ఒక తోక. ఎమ్, ఈ, ఎన్, టి తీసి పక్కన పెడితే ఈ, ఆర్, ఈ, డి మిగుల్తయి. దానికి ఒక 'సి' కలిపితే 'డిక్రిమెంట్', అంటే తగ్గుడు. 'సి' తీసి ఇంకో 'టి' కలిపితే 'డిటర్‌మెంట్', అంటే జంకించి ఎన్కకు తగ్గేటట్టు చేసుడు. రెండూ తొమ్మిది అక్షరాలే.

ఇంకో తోక ఈ, డి. జరిగిపోయిన పనికి పెట్టే తోక ఇది. దీన్ని పట్టుకుంటే 'డిటర్‌మైన్డ్' దొరుకుతది, పది అక్షరాలు. ముంగట 'ప్రి' పెడితే 'ప్రిడిటర్‌మైన్డ్', పదమూడు.

పద్దు రాసుడు చిన్న పని అనుకోకుండ్రి. అమెరికాల ఆల్ఫ్రెడ్ బట్స్ అని ఒక ఆర్కిటెక్టు ఉండె. 1930లల్ల ఆర్థిక మాంద్యంల కొలువు పోయింది. పేపర్లు ముంగటేసుకొని ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తుందో లెక్కపెట్టిండు. ఆ లెక్కతోనే స్క్రాబుల్ ఆట పుట్టింది. ఇంగ్లీషు ఆటల 100 బిళ్లలుంటే 'ఈ'లే 12. క్యూ, జెడ్ ఒక్కొక్కటే. అందుకే ఇచ్చిన అక్షరాలల్ల అరుదైనదాన్ని ముందు పట్టుకోవాలె. 'క్యూ' ఉంటే పక్కన 'యు' ఉంటదని చూడాలె. సగం దారి అక్కడ్నే తేలుతది.

కంప్యూటర్ చేసేది కూడ ఇంతకు మించి ఏం లేదు. ప్రతి పదానికి ఇరవై ఆరు గడుల పద్దు రాసుకొని, అడిగిన పద్దుతోని పోల్చుకుంటది. దానికి కూడ అర్థం తెల్వది.

ఇగ అసలు ముచ్చట. జీడీ కానిస్టేబుల్ పరీక్ష 2024 నుంచి తెలుగుతోని కలిపి 13 ప్రాంతీయ భాషలల్ల కూడ పెడ్తున్నరు. మంచిదే. కానీ ప్రశ్న తెలుగుల ఉన్నా, కోడింగ్ అసొంటి లెక్కలల్ల ఇంగ్లీషు అక్షరాలు తగుల్తనే ఉంటయి. అది చూడంగనే మన పిల్లలు 'ఇంగ్లీషు' అని ఇడిసిపెట్టి ముంగటికి పోతున్నరు. మార్కు పోయేది తెల్వక కాదు, బుగులుతోని. ఆ బుగులు మీదనే లావు లావు పదాల పుస్తకాలు అమ్ముడుపోతున్నయి.

నేను చెప్పిన ఉపాయంతోని ఇంగ్లీషు వచ్చేస్తదని చెప్తలేను. భాష నేర్చుడు వేరే, దానికి ఏండ్లు పడ్తది. కానీ లెక్కపెడితే వచ్చే మార్కును ఎందుకు ఇడ్సాలె? ప్రతి ఊరి లైబ్రరీల ఒక మంచి డిక్షనరీ, ఒక కట్ట పాత ప్రశ్నపత్రాలు పెట్టుమని సర్పంచులను అడుగుండ్రి. ఇది దానం కాదు, మన హక్కు.

లేసేటప్పుడు ఆ తమ్ముడు 'డిటర్‌మైన్డ్' అంటే ఏంది అని అడిగిండు. పట్టుదల పట్టినోడు అని చెప్పిన. నవ్విండు. రాత్రి డ్యూటీల కూసొని ఇంకోటి ఎతికి పంపిండు. ముంగట 'అండర్' తల పెట్టి చూసిండట. 'అండర్‌ఎస్టిమేటెడ్'. పద్నాలుగు అక్షరాలు, 'ఈ'లు మూడు, నేరేడ్‌మెట్ అంత దాంట్ల పట్టింది. అర్థం ఈసారి నన్ను అడగలే, తనే రాసిండు: తక్కువ అంచనా వేసినోడు కాదన్నా, అంచనా వేయబడ్డోడు.