గద్ద మలుపు, జీరో మలుపు

పిల్లలూ! కర్నూలు, కడప జిల్లాల మెట్టచేల మీద గద్ద గిరికీలు కొట్టడం చూసే ఉంటారు. వెడల్పాటి రెక్కలు, తేలికైన ఒళ్లు. అందుకే చిన్న వలయంలో చుట్టి రాగలదు. యుద్ధవిమానానికీ ఇదే సూత్రం.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు మన విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. ముందురోజే కొలంబో ఆకాశంలో బ్రిటిషువారి హరికేన్లు, జపానువారి 'జీరో'లు తలపడ్డాయి. ఇలాంటి పోరులో శత్రువు వెనక చేరినవాడిదే పైచేయి. రెక్కలో ప్రతి చదరపు మీటరు మోసే బరువు తగ్గినకొద్దీ మలుపు చిన్నదవుతుంది. జీరో తేలిక కనుక ఇట్టే తిరిగేది.

మరి ఆ తేలికదనం ఎలా వచ్చింది? తొలి జీరోల్లో పైలటును కాపాడే ఉక్కు పలక లేదు. తూటా పడితే రంధ్రం తనంతట పూడుకునే పెట్రోలు ట్యాంకూ లేదు. తూటాలు తగిలితే మంటలు అంటుకునేవి!

1942లోనే అలూషియన్ దీవుల్లో పెద్దగా దెబ్బతినని జీరో ఒకటి అమెరికావారికి దొరికింది. బాగుచేసి నడిపి చూశారు. అతివేగంలో అది పక్కకు ఒరగడానికి మొరాయించింది. మలుపుల్లో దానితో పోటీపడక, పైనుంచి దూకి కాల్చి వేగంగా సాగిపోవడమే పసిఫిక్‌లో అమెరికా పైలట్ల పాఠమైంది.

ఇంజనీరు మీరే అయితే, ఏ బరువు తగ్గించేవారు?