ఇంగ్లీషు మాటకు స్థానమే గుర్తు

పరీక్షల దినములలో అనేక గృహములందు వినవచ్చు ప్రశ్న యొకటి కలదు: "ఈ ఇంగ్లీషు మాట నామవాచకమా, క్రియయా, విశేషణమా?" బాలుడు నిఘంటువు తెరచును. అందొక్క మాటకే రెండు మూడు పేర్లు కనబడును. అంతట జాబితాలు వల్లించుటకు పూనుకొని, అవి గుర్తుండక, ఇంగ్లీషు తనకు రాదని నిరాశ చెందును. లోపము బాలునిది కాదు, మార్గమునది.

మన భాషలో విభక్తి ప్రత్యయమే మాట చేయు పనిని తెలుపును. "రాముడు రావణుని చంపెను" అన్నను, "రావణుని రాముడు చంపెను" అన్నను చచ్చినవాడు రావణుడే. ఇంగ్లీషున అట్టి ప్రత్యయములు చాలవరకు పూర్వమే లోపించినవి. "రామ కిల్డ్ రావణ" అను వాక్యమున పేర్లు తారుమారు చేసినచో రామాయణమే తలక్రిందులగును. అచ్చట స్థానమే ప్రధానము.

"ది వాటర్ ఈజ్ కోల్డ్" అన్నపుడు 'వాటర్' నామవాచకము. "వాటర్ ది ప్లాంట్స్" అన్నపుడు అదియే మొక్కలకు నీరు పోయుమను క్రియ. "ఎ క్లీన్ ప్లేట్" అనుచో 'క్లీన్' విశేషణము. "క్లీన్ ది ప్లేట్" అనుచో క్రియ. 'కెన్', 'మస్ట్' వంటి మాటల వెంట వచ్చునది సాధారణముగా క్రియ.

మాట చివరి భాగమును కొంత తోడ్పడును. 'బ్యూటీ' నామవాచకము, 'బ్యూటిఫై' క్రియ, 'బ్యూటిఫుల్' విశేషణము. 'నెస్', 'మెంట్' అనునవి తరచుగా నామవాచకములకు గుర్తులు. అయినను వీనిని గ్రుడ్డిగా నమ్మరాదు. 'లీ'తో ముగియునదెల్ల క్రియావిశేషణమని నేర్చిన బాలుడు 'ఫ్రెండ్లీ' కడ పొరబడును, అది విశేషణము.

ఇక చెవికి తెలియు గుర్తు. రేడియో స్టూడియోలలో నిత్యము వినబడు 'రికార్డు' అను మాటనే చూడుడు. ఇంగ్లీషున మొదటి అక్షరమును ఊది 'రెకార్డ్' అన్నచో నామవాచకము. రెండవదానిని ఊది 'రికార్డ్' అన్నచో క్రియ. అట్లే సలహా 'అడ్వైస్', సలహా యిచ్చుట 'అడ్వైజ్'. ఇంగ్లీషు వార్తలు వినునపుడు ఈ భేదమును గమనింపుడు.

కావున బాలుడు మరల అడిగినపుడు జాబితాను చేతికీయక, ఆ మాటతో ఒక వాక్యము చెప్పుమనుడు. దాని ముందేమున్నది, వెనుక నేమున్నదని ప్రశ్నింపుడు. సమాధానమును అతడే కనుగొనును.