గడప దాటని రోజుల్లో గగనాన పలకరింపులు

న్యూఢిల్లీ: 2020 మార్చి 24వ తేదీ రాత్రి ప్రధాని ప్రకటన వెలువడిన కొద్ది గంటలకే యావద్దేశం తలుపులు మూసుకుంది. రైళ్లు, విమానాలు, బస్సులు నిలిచిపోయాయి. కరోనా మహమ్మారిని అరికట్టేందుకు 21 రోజులకని మొదలైన లాక్‌డౌన్ విడతలవారీగా మే 31 వరకు సాగింది. ఇళ్లకే పరిమితమైన లక్షలాది కుటుంబాలకు మార్చి 28 నుంచి దూరదర్శన్ పునఃప్రసారం చేసిన ‘రామాయణం’ కాలక్షేపమైంది. హ్యామ్ రేడియో అభిమానులకు మాత్రం ఇంట్లో ఓ మూలనున్న బల్ల, దానిమీది వైర్‌లెస్ సెట్టే లోకమైంది.

హ్యామ్ రేడియో అంటే లాభాపేక్ష లేకుండా, కేవలం ఆసక్తితో ఇంటి నుంచే నడుపుకొనే రేడియో కేంద్రం. పన్నెండేళ్లు నిండిన వారెవరైనా పరీక్ష రాసి కేంద్ర టెలికమ్యూనికేషన్ల శాఖ నుంచి లైసెన్సు పొందవచ్చు. ‘వి.యు.2’, ‘వి.యు.3’ వంటి అక్షరాలతో మొదలయ్యే పిలుపు సంకేతమే అక్కడ వారి పేరు. మాజీ ప్రధాని రాజీవ్ గాంధీ ‘వి.యు.2 ఆర్.జి.’గా ఈ బృందంలో ఒకరు. వ్యాపార సందేశాలకు, సంగీత ప్రసారాలకు ఇక్కడ తావు లేదు.

చేతిలో సెల్‌ఫోన్ ఉండగా ఈ ప్రయాస దేనికన్న ప్రశ్న సహజమే. ఫోన్ మోగాలంటే అవతలివారి నంబరు తెలిసి ఉండాలి. హ్యామ్ మాత్రం ‘సి.క్యు.’ అని పిలుస్తాడు. వింటున్నవారు ఎవరైనా సరే పలకండి అని దాని భావం. ఆ పిలుపునకు పొరుగు జిల్లా నుంచి జవాబు రావచ్చు, జపాన్ నుంచీ రావచ్చు. ముఖాలకు మాస్కులు కట్టుకుని, ఎదురుపడిన మనిషికి దూరంగా జరగవలసి వచ్చిన ఆ రోజుల్లో, అపరిచితుడిని ఆత్మీయంగా పలకరించే వీలు ఇక్కడే మిగిలిందనడం అతిశయోక్తి కాదు.

అయితే ఆకాశం అప్పుడు అంత అనుకూలంగా లేదు. సూర్యునిపై మచ్చలు సుమారు 11 ఏళ్లకోసారి పెరిగి తగ్గుతుంటాయి. 2019 డిసెంబరులో అవి కనిష్ఠ స్థాయికి చేరాయి. ఫలితంగా దూరదేశాలకు తేలికగా చేర్చే 28 మెగాహెర్ట్జ్ తరంగాలు చాలావరకు మూగబోయాయి. 7, 14 మెగాహెర్ట్జ్ తరంగాలే దిక్కయ్యాయి. ఇంటిల్లిపాదీ ఇంట్లోనే ఉండటంతో రోజంతా పనిచేసే టీవీలు, ఛార్జర్లు, ఎల్‌ఈడీ దీపాల రొద వీటికి తోడైంది. అందుకే బలహీన సంకేతాలను సైతం కంప్యూటర్ సాయంతో పట్టగల ‘ఎఫ్.టి.8’ విధానం అక్కరకొచ్చింది. నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త జో టేలర్ 2017లో స్టీవ్ ఫ్రాంకీతో కలిసి దీన్ని రూపొందించారు.

ఇది సంపన్నుల వేడుకేమీ కాదు. 7 మెగాహెర్ట్జ్ తరంగాలకు డాబాపై రెండు కర్రల మధ్య కట్టిన సుమారు 20 మీటర్ల రాగితీగ చాలు. విదేశీ సెట్లు కొనలేని వారి కోసం హైదరాబాద్‌కు చెందిన అష్హర్ ఫర్హాన్ రూపొందించిన ‘బిట్‌ఎక్స్’ సెట్‌ను ప్రపంచవ్యాప్తంగా హ్యామ్‌లు సొంతంగా తయారు చేసుకుంటున్నారు. దాని తర్వాతి రూపమైన ‘మైక్రోబిట్‌ఎక్స్’ పంపే శక్తి సుమారు 10 వాట్లు, అంటే ఒక ఎల్‌ఈడీ బల్బు వాడుకునేంత.

ఈ ముచ్చట్లలో ఒక బాధ్యత దాగి ఉండటం గమనార్హం. ‘నెట్’ అని పిలిచే నిత్య సమావేశంలో నిర్వాహకుడు ఒక్కొక్కరి సంకేతాన్ని పిలుస్తూ హాజరు తీసుకుంటాడు. రోజూ పలికే పెద్దాయన ఒకనాడు పలకకపోతే ఆ మౌనం అందరికీ తెలుస్తుంది. పిల్లలు దూరదేశాల్లో చిక్కుకుపోగా ఒంటరిగా మిగిలిన వృద్ధులకు ఇటువంటి హాజరు ఎంత అండో వేరుగా చెప్పనక్కరలేదు. బ్రిటన్‌లోనైతే అక్కడి రేడియో సొసైటీ 2020 ఏప్రిల్‌లో జాతీయ ఆరోగ్య సేవా సంస్థతో చేతులు కలిపి, ఒంటరితనం పోగొట్టేందుకు రేడియోలో పలకరించుకోవాలని ప్రచారమే చేపట్టింది.

లాక్‌డౌన్ ముగియకముందే, మే 20న అంఫన్ తుపాను సుందరవనాల వద్ద తీరాన్ని తాకింది. దక్షిణ బెంగాల్‌లో కరెంటుతోపాటు సెల్‌ఫోన్లూ మూగబోయాయి. ఇంట కూర్చున్న వారికి ఏకైక ఆధారమైన ఫోన్ ఎంత బలహీనమైనదో ఆ ఒక్క రోజు చాటింది.

హ్యామ్‌లకు ఇది కొత్త పాఠం కాదు. 2004 డిసెంబరులో భారతీ ప్రసాద్ నాయకత్వంలో హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ బృందం కేవలం అభిరుచి కొద్దీ అండమాన్ వెళ్లి ప్రపంచంతో ముచ్చటిస్తోంది. 26న సునామీ విరుచుకుపడి ఫోన్లు తెగిపోగానే, సరదాకు కట్టిన ఆ ఏరియల్ ద్వారానే క్షేమ సమాచారాలు ప్రధాన భూభాగానికి చేరాయి.

బ్యాటరీని సిద్ధంగా ఉంచుకోవడం, తీగను సరిచూసుకోవడం, రొదలోంచి మాటను ఏరుకోవడం ఒక్కరోజులో అబ్బే విద్యలు కావు. ఏమీ తోచని మధ్యాహ్నాల్లో చేసిన ఆ సాధనే ఆపదలో అక్కరకొస్తుంది. ‘శుభాకాంక్షలు’ అనే అర్థంలో ‘73’ అని సెలవు తీసుకునే ఆ గొంతులు 2020లో ఒంటరితనాన్ని దూరం చేశాయి. రేపు టవర్లు కూలిన రోజున పలికేవి కూడా అవే.