రుద్రదేవ మహారాజు అనే ఆమె

ధర్మసాగర్ జలాశయంలోకి ఇవాళ దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు వస్తున్నాయి. వరంగల్, హనుమకొండ నల్లాలకు ఇక్కడి నుంచే నీళ్లు పోతున్నాయి. మోటర్లు, పైపులు లేని రోజుల్లో ఈ రాళ్ల నేల మీద రాజ్యం నిలవాలంటే వాననీటిని కట్ట వేసి ఆపుకోవడం తప్ప వేరే దారి లేదు. ఈ నేలను ఏలిన కాకతీయుల చరిత్రను మనం యుద్ధాల వరుసగా చదువుకున్నాం. చెరువులు, గుళ్ల దగ్గర వేసిన శాసనాల వైపు నుంచి చూస్తేనే ఆ ఇంటి మనుషులు, ముఖ్యంగా ఆడవాళ్లు, కనిపిస్తారు.

కాకతీయులు మొదట రాష్ట్రకూటుల కింద, ఆ తర్వాత కల్యాణి చాళుక్యుల కింద సామంతులు. రుద్రదేవుడు 1163లో హనుమకొండ వేయిస్తంభాల గుడిలో శాసనం వేయించి, తాను ఇక ఎవరి కిందా లేనని లోకానికి చెప్పుకున్నాడు. ఆయన తర్వాత తమ్ముడు మహాదేవుడు వచ్చాడు. దేవగిరి యాదవులతో పోరులో మహాదేవుడు చనిపోయాడు, కొడుకు గణపతిదేవుడు వాళ్లకు చిక్కాడు. రాజు చెరలో ఉండగా రాజ్యాన్ని కాపాడినవాడు సేనాని రేచర్ల రుద్రుడు. 1213లో రామప్ప గుడి కట్టించింది ఈయనే. చెర వీడి 1199లో సింహాసనం ఎక్కిన గణపతిదేవుడు అరవై ఏళ్లకు పైగా ఏలాడు. రాజధాని హనుమకొండ నుంచి ఓరుగల్లుకు మారింది, రాజ్యం సముద్ర తీరం దాకా పెరిగింది. మోటుపల్లి రేవుకు వచ్చే దూరదేశపు వర్తకులకు అభయమిస్తూ 1244లో ఆయన వేయించిన శాసనం ఇప్పటికీ ఉంది.

ఆయన అక్కచెల్లెళ్లు మైలాంబ, కుందమాంబ. ఇద్దరూ నతవాడి పాలకుల ఇంటి కోడళ్లు. బయ్యారంలో మైలాంబ చెరువు తవ్వించి శాసనం వేయించింది. కాకతీయుల పూర్వీకుల పేర్లు వెన్నుడి దగ్గర నుంచి వరుసగా మనకు తెలిసింది ఆ శాసనం వల్లనే. ఒక రాజవంశం వంశవృక్షాన్ని ఆ ఇంటి ఆడబిడ్డ తన చెరువు దగ్గర రాతిలో చెక్కించి పెట్టిందన్నమాట. గణపతిదేవుడి కూతురు గణపాంబ ధరణికోట పాలకుడు కోట బేతరాజును పెళ్లాడింది. భర్త పోయాక ఆ సీమను ఆమే ఏలింది. ఏనమదల శాసనం ఆమె పేరుతోనే ఉంది. వీళ్లెవరూ ఓరుగల్లు గద్దె ఎక్కలేదు. అయినా శాసనాల్లో ఆడవాళ్లుగానే, తమ పేర్లతోనే నిలిచారు.

గద్దె ఎక్కిన ఆమెకు ఆ వెసులుబాటు దొరకలేదు. గణపతిదేవుడికి కొడుకులు లేరు. కూతురు రుద్రమదేవిని మగపిల్లవాడి లెక్కన పెంచి, 1262 ప్రాంతంలో రాజ్యం అప్పగించాడు. శాసనాల్లో ఆమె చాలాచోట్ల రుద్రదేవ మహారాజు. నిడదవోలు చాళుక్య వీరభద్రుడితో పెళ్లయింది, కానీ ఆయన రాజు కాలేదు. నా ఉద్దేశంలో ఈ మగపేరు మారువేషం కాదు. ఆమె ఆడమనిషి అన్న సంగతి ఓరుగల్లులో అందరికీ తెలుసు. సామంతుల దండాలు, పన్నులు, బిరుదులు అన్నీ ‘రాజు’ అనే పదవికే అలవాటు పడి ఉన్నాయి. పదవి మారకుండా మనిషి మారిందని చెప్పే ఏర్పాటు అది.

శత్రువులకు ఈ ఏర్పాటు పట్టలేదు. దేవగిరి యాదవ మహాదేవుడు దండెత్తి వచ్చిన సంగతి ఆయన కొలువులోని హేమాద్రి రాశాడు. తెలంగాణ పాలకురాలు ఆడది కాబట్టి తమ రాజు చంపకుండా వదిలేశాడని అతని మాట. ఓడినవాళ్లు కూడా ఇలాంటి మాటలే చెప్పుకుంటారు. యాదవుల సీమలోని బీదరు కోటలో రుద్రమ సామంతుడి శాసనం దొరికింది కాబట్టి, ఎవరు ఎవరిని వదిలేశారో పాఠకులే ఊహించుకోవచ్చు.

ఇలాంటి చిక్కునే కొరియా ఆరు శతాబ్దాల ముందు మరో రకంగా తీర్చుకుంది. సిల్లా రాజ్యంలో రాజు జిన్‌ప్యోంగ్‌కు కొడుకులు లేకపోతే కూతురు సోండోక్ 632లో రాణి అయింది. ఆమెకు మగపేరు అవసరం రాలేదు. అక్కడ మనుషుల అంతస్తును పుట్టుక లెక్కగట్టేది. తల్లిదండ్రులిద్దరి వైపూ రాజరక్తం ఉన్నవాళ్లదే అగ్రశ్రేణి, ఆ శ్రేణిలో మగవారసుడు మిగలలేదు. అంటే ఆడమనిషి అన్న అభ్యంతరాన్ని కులం లాంటి ఒక కట్టడి దాటించింది. అక్కడా అందరూ ఒప్పుకోలేదు. ఆడపాలన పనికిరాదంటూ 647లో బిడామ్ అనే పెద్ద అధికారి తిరగబడ్డాడు. ఆ గొడవ సాగుతుండగానే ఆమె చనిపోయింది. సేనాని కిమ్ యూసిన్ తిరుగుబాటును అణచాడు, గద్దె ఆమె దాయాది జిండోక్ అనే మరో స్త్రీకే దక్కింది. 897లో మూడో రాణి జిన్‌సోంగ్ దిగిపోయాక కొరియా గద్దెపై మళ్లీ స్త్రీ కూర్చోలేదు. జోసోన్ కాలంలో రాజు చిన్నవాడైతే పెద్దరాణి తెర వెనక కూర్చుని రాజ్యం నడిపేది. ఢిల్లీ రజియా సుల్తానా కథ మనకు ఇంకా దగ్గరిది. ఆమె నిలిచింది నాలుగేళ్లు, 1236 నుంచి 1240 దాకా.

రుద్రమ పాతికేళ్లకు పైగా నిలిచింది. పుట్టుకతో పెద్దవాళ్లయిన సామంతుల మీద మాత్రమే ఆనుకోకుండా కొత్తవాళ్లను నాయకులుగా పైకి తెచ్చింది. ఆమె అంతకాలం నిలవడానికి కారణం ఇదేనని నాకనిపిస్తుంది. ఆమె కింద ఉన్నవాళ్లందరూ నమ్మకంగా ఉన్నారని కాదు. కాయస్థ వంశపు సామంతుడు అంబదేవుడు ఎదురు తిరిగాడు. 1290 నాటి త్రిపురాంతక శాసనంలో తన గెలుపులన్నీ ఏకరువు పెట్టాడు. ఆమె చావు కబురు మాత్రం నల్గొండ వైపు చందుపట్లలో బయటపడింది. 1289 నవంబరు 27 నాటి ఆ శాసనం రుద్రమదేవి, సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారని, వాళ్ల పుణ్యానికి భూమి ఇచ్చారని చెబుతుంది. వేయించింది రాజకుటుంబం కాదు, మల్లికార్జునుడి దగ్గర పనిచేసిన ఒక సేవకుడు.

రుద్రమ తర్వాత గద్దె ఆమె కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడికి వచ్చింది. అంటే అమ్మమ్మ రాజ్యం మనవడికి. నాయకులను పెంచే పద్ధతిని అతను ఇంకా విస్తరించాడు. ఢిల్లీ సేనలు 1303లో వచ్చి ఓడిపోయాయి, మళ్లీ మళ్లీ వచ్చాయి, 1323లో ఓరుగల్లు పడిపోయింది. ప్రతాపరుద్రుడు బందీగా ఢిల్లీ దారి పట్టి మధ్యలోనే చనిపోయాడు. పదేళ్లు దాటాక ఆ కోటను తిరిగి గెలిచింది కాకతీయుల వారసులు కాదు, ముసునూరి కాపయ నాయకుడు.